పసుపు కాదని తెలిసేసరికి

రెండేళ్ల క్రితం వరలక్ష్మీవ్రతం నాటి ఉదయం మా అమ్మ కాళ్లకు పసుపు రాస్తున్నప్పుడు, ఆమె కుడికాలి బొటనవేలి గోరు మిగిలిన తొమ్మిదింటిలా లేదని నా వేలికి తెలిసింది. కంటికి అంతకు ముందే తెలిసి ఉండాలి, ఎందుకంటే ఆ గోరు పసుపుపచ్చగా ఉన్న సంగతి దాదాపు ఏడాదిగా చూస్తూనే ఉన్నాను. అయితే ప్రతి శుక్రవారమూ పసుపు రాసుకునే కాళ్ల మీద పసుపుపచ్చని గోరు కనిపిస్తే దానిని ప్రత్యేకంగా పట్టించుకునేవారెవరు? ఆ రోజు వేలికి తగిలింది దాని మందం. ముందు అంచు కింద పిండి వంటి పొడి ఉంది, గోరు అడుగు నుంచి కొద్దిగా పైకి లేచి ఉంది, ఒక పక్క పెచ్చులూడుతోంది. నేను వంగి పరిశీలనగా చూడబోతే, "పసుపేలేవే, గోటిలోకి దిగిపోయింది" అని అమ్మ కాలు వెనక్కి తీసుకుంది.

అమ్మకు అప్పటికి 66 ఏళ్లు. పద్నాలుగేళ్లుగా షుగరు ఉంది. ఆ రెండు విషయాలూ తెలిసి కూడా ఏడాది పాటు ఆ గోటిని పసుపు ఖాతాలో వేసి ఊరుకున్న నా నిర్లక్ష్యమే ఇది రాయడానికి కారణం. ఆ తరువాత అమ్మ గోటి కోసమూ, మధ్యలో ఒకసారి నా గోటి కోసమూ చర్మవైద్యురాలి దగ్గర కూర్చున్నప్పుడు తెలుసుకున్నవాటిని, ఇంటికి వచ్చాక చదివి సరిచూసుకున్నవాటిని ఇక్కడ పెడుతున్నాను. నేను వైద్యురాలిని కాను, కాబట్టి ఇది చదివి ఎవరూ తమ గోటి జబ్బుకు తామే పేరు పెట్టుకోవద్దు. ఎప్పుడు ఆసుపత్రికి వెళ్లాలో తేల్చుకోవడానికి పనికివస్తే చాలు.

గోరు చర్మపు మడత కింద దాగి ఉన్న తన మూలంలో పుట్టి, రోజూ కొంచెం కొంచెంగా ముందుకు జరుగుతూ ఉంటుంది. ఈ సంగతిని గోరింటాకు పెట్టుకునేవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. ఆషాఢంలో పెట్టుకున్న గోరింటాకు అరచేతిలో నెల తిరగకుండానే వెలిసిపోతుంది. గోళ్ల మీది ఎరుపు మాత్రం మొదట్లో గోరంతా ఉండి, శ్రావణంలో మొదలు దగ్గర తెల్లని సందు ఇచ్చి, దసరా నాటికి చివర ఎర్రని నెలవంకలా మిగులుతుంది. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది కనుక లెక్క సరిపోతుంది. కాలి గోరు వేగం అందులో సగమే. కాలి బొటనవేలి గోరు మొదలు నుంచి చివరి దాకా పూర్తిగా కొత్తది రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది, వయసు పెరిగినవారిలోనూ కాళ్లకు రక్తప్రసారం తక్కువగా ఉన్నవారిలోనూ ఇంకా ఎక్కువే పట్టవచ్చు.

రంగు మారిన గోటిని చూసినప్పుడు ఈ కదలికనే మొదట గుర్తు తెచ్చుకోవాలని డాక్టరు గారు చెప్పారు. పసుపు గాని, పారాణి గాని, ఎర్రటి నెయిల్ పాలిష్ వదిలివెళ్లిన పసుపు చార గాని, పుండ్లు కడిగే పొటాషియం పర్మాంగనేట్ నీళ్ల గోధుమరంగు గాని బయటి నుంచి గోటి పై పొరకు అంటుకుంటాయి. వాడకం ఆపేస్తే గోరింటాకు లాగానే ముందుకు జరిగిపోతాయి, వాటి వెనక మొదలు నుంచి మామూలు గోరు వస్తూ ఉంటుంది, ఆ రంగుకూ కొత్త గోటికీ మధ్య గీత చర్మపు మడత వంపునే అనుసరించి ఉంటుంది. పైగా అలాంటి మరక గోటి ఆకారాన్ని మార్చదు: గోరు నున్నగా, పలుచగా, అడుగుకు అంటుకునే ఉంటుంది. గోటికి పట్టే ఫంగస్ (బూజు వంటి సూక్ష్మజీవి) నడక దీనికి పూర్తిగా ఎదురు. అది సాధారణంగా గోటి ముందు అంచు నుంచో పక్క అంచు నుంచో లోపలికి ప్రవేశించి, గోరు పెరిగే దిశకు ఎదురీదుతూ మూలం వైపుకు వెళుతుంది. అందుకే నెలలు గడిచినా రంగు తగ్గకపోగా వెనక్కి పాకుతూ ఉంటుంది. అమ్మ గోటిలో పసుపుపచ్చదనం ఏడాదిలో ముందు అంచు నుంచి సగం దాకా వెనక్కి వచ్చింది. పెళ్లిళ్లలో తీసిన పాత ఫోటోలను ఫోనులో పెద్దవిగా చేసి చూసినప్పుడు ఆ ప్రయాణం నాకు స్పష్టంగా కనిపించింది, సిగ్గు కూడా వేసింది.

మా వైపు ఇలాంటి గోటిని పుప్పిగోరు అంటారు. పుచ్చిన పన్నుకూ ఇదే మాట వాడతారు, రెండూ లోపల గుల్లబారేవే కదా. డాక్టర్ల భాషలో దీనికి కారణమైన సూక్ష్మజీవుల్లో ముఖ్యమైనది ట్రైకోఫైటాన్ రూబ్రమ్. గోటిలోని కెరాటిన్ అనే పదార్థమే దాని ఆహారం. చాలాసార్లు ఇది గోటికి రాకముందే వేళ్ల సందుల్లో ఉంటుంది: నాలుగో వేలికీ చిటికెన వేలికీ మధ్య చర్మం నాని, తెల్లబడి, దురద పెట్టి, పొరలు లేస్తుంటే చాలామంది నీళ్లలో పని చేసినందువల్ల అనుకుని వదిలేస్తారు. అమ్మకు అదీ ఉంది. తడిపిన పసుపును వేళ్ల సందుల్లో దట్టంగా పెట్టుకుని, పైన మెట్టెలు కూడా ఉండటంతో అక్కడ తేమ ఎప్పటికీ ఆరేది కాదు. పసుపు మంచిదని నమ్మే ఇంట్లో ఈ మాట చెప్పడం కష్టమైంది. పసుపు మీద నాకు కోపం లేదు, తడి మీదనే.

మొదట నేను చేసిన పని మందుల షాపుకు వెళ్లి గోటి ఫంగస్ అని చెప్పడం. వారు ఇచ్చిన ట్యూబులో ఫంగస్ మందుతో పాటు ఘాటైన స్టెరాయిడ్ కూడా కలిసి ఉందని తరువాత తెలిసింది. మన దేశంలో తామరకు ఇలాంటి కలగలుపు ట్యూబులను ఎవరికి వారు కొనుక్కుని రాసుకోవడం వల్ల తామర ముదిరి, మందులకు లొంగకుండా పోతున్న సంగతిని చర్మవైద్యులు కొన్నేళ్లుగా మొత్తుకుంటున్నారు. స్టెరాయిడ్ దురదను, ఎరుపును తగ్గిస్తుంది కనుక జబ్బు తగ్గినట్టే ఉంటుంది, అడుగున ఫంగస్ మాత్రం విస్తరిస్తుంది. ఇక గోటి విషయానికి వస్తే, అంత మందమైన గోరు మీద మామూలు క్రీము రాస్తే అది అడుగుకు చేరనే చేరదు. ఆరు వారాలు రాశాం. జరిగిన మేలేమీ లేదు, కీడు మాత్రం ఒకటి జరిగింది, అది కింద చెబుతాను.

చర్మవైద్యురాలు గోటిని చూసిన వెంటనే ఫంగస్ అని రాసి పంపేస్తారని అనుకున్నాను. ఆమె అలా చేయలేదు. మందపడి రంగు మారిన కాలి గోళ్లలో ఫంగస్ వల్ల అయినవి దాదాపు సగమేనని, మిగతా సగంలో సోరియాసిస్ అనే చర్మవ్యాధి ఉండవచ్చు, బిగుతు చెప్పుల వల్ల ఏళ్ల తరబడి పడిన ఒత్తిడి ఉండవచ్చు, వయసు కూడా ఉండవచ్చునని చెప్పి, అమ్మ మోచేతులు, మోకాళ్లు, తల వెనక భాగం, చేతి గోళ్లు అన్నీ చూశారు. సోరియాసిస్ ఉన్నవారి గోళ్ల మీద సూదితో పొడిచినట్లు చిన్న చిన్న గుంటలు ఉంటాయట, గోటి కింద నూనె చుక్క పడినట్లు నారింజరంగు మచ్చ కనిపిస్తుందట. కేవలం చూపుతో రెండింటినీ వేరు చేయడం ఆమెకే కొన్నిసార్లు కష్టమని ఒప్పుకున్నప్పుడు, ఫోటోలు పోల్చి చూసుకుని తేల్చేసుకున్న నా తొందర గుర్తుకు వచ్చింది.

పరీక్ష చాలా సులువు. గోటి కింద, జబ్బు భాగమూ మంచి భాగమూ కలిసే చోటుకు వీలైనంత దగ్గరగా పొడిని గీకి తీస్తారు. దానిని గాజు పలక మీద పెట్టి పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం చుక్క వేస్తే గోటి పదార్థం కరిగి, ఫంగస్ పోగులు ఉంటే సూక్ష్మదర్శినిలో కనిపిస్తాయి. మరికొంత పొడిని పెంపకానికి, అంటే కల్చర్‌కు పంపుతారు. ఫంగస్ మెల్లగా పెరుగుతుంది కాబట్టి ఆ ఫలితానికి నాలుగు వారాల దాకా ఆగాలి. గోటి ముక్కను కత్తిరించి ప్రత్యేకమైన రంగు వేసి చూసే పద్ధతీ ఉంది. అమ్మ మొదటి పరీక్షలో ఏమీ కనిపించలేదు. నేను సంతోషించబోతే డాక్టరు గారు వారించారు: మందు రాస్తున్న గోటి నుంచి తీసిన పొడిలో ఫంగస్ దొరకకపోవడం మామూలేనని, ఒక్కసారి కనిపించనంత మాత్రాన లేదని చెప్పలేమని, మూడు నాలుగు వారాలు ఏ మందూ రాయకుండా మళ్లీ రమ్మని అన్నారు. పైన చెప్పిన కీడు ఇదే: ట్యూబు కోసం పోయిన ఆరు వారాలకు తోడు మరో నెల పోయింది. రెండోసారి పోగులు కనిపించాయి.

ఇంత రుజువు ఎందుకంటే, దీనికి వేసే మాత్రలు జలుబు మాత్రల్లాంటివి కావు. కాలి గోళ్లకు సాధారణంగా ఇచ్చేది టెర్బినఫిన్, రోజుకు 250 మిల్లీగ్రాములు, 12 వారాల పాటు. ఇంకొకటి ఇట్రాకొనజోల్. దానిని నెలలో ఒక వారం వేసి మూడు వారాలు ఆపే పద్ధతిలోనూ ఇస్తారు. అయితే గుండె బలహీనత ఉన్నవారికి అది పనికిరాదు, కొలెస్ట్రాల్ కోసం వాడే కొన్ని మాత్రలతో కలిస్తే ప్రమాదం. అమ్మ కొలెస్ట్రాల్ కోసం అటోర్వాస్టాటిన్ వాడుతోంది కనుక టెర్బినఫిన్ వైపు మొగ్గు చూపారు. మొదలుపెట్టే ముందు కాలేయ పరీక్షలు చేయించారు, షుగరు మనిషి కాబట్టి మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ కూడా చూశారు. వాడుతున్న మందుల చీటీలన్నీ సంచిలో వేసుకుని తీసుకువెళ్లడం వల్ల ఈ నిర్ణయం పది నిమిషాల్లో అయింది, లేకపోతే ఇంకోసారి రావలసి వచ్చేది.

తొమ్మిదో వారంలో అమ్మ పప్పుచారులో ఉప్పు వేయలేదని నాతో పోట్లాడింది. ఉప్పు వేశాను. మరునాడు ఉసిరికాయ పచ్చడి చప్పగా ఉందన్నప్పుడు నాకు అనుమానం వచ్చి, మందు చీటీ వెనక డాక్టరు గారు రాసి ఇచ్చిన జాగ్రత్తలు చదివాను: నాలుక రుచి తెలియకపోతే వెంటనే చెప్పవలసిందిగా అందులో ఉంది. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఒంటి మీద దద్దుర్లు కూడా ఆ జాబితాలో ఉన్నాయి. ఫోను చేస్తే మాత్ర ఆపేయమన్నారు. మందు గోటిలో చాలా వారాలు నిలిచి ఉంటుంది, అప్పటికే మొదలు దగ్గర మంచి గోరు కనిపిస్తోంది, కాబట్టి ఇకపై గోటి మీద వేసే అమోరోల్ఫిన్ లక్కతో నెట్టుకురావచ్చునన్నారు. అమ్మ నాలుకకు రుచి తిరిగి రావడానికి నెల పైనే పట్టింది. ఆ నెల మా ఇంట్లో కారం వాడకం రెట్టింపయింది.

షుగరు ఉన్నవారి విషయంలో నేను కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం లెక్క ప్రకారం మన దేశంలో మధుమేహం ఉన్నవారు 10.1 కోట్ల మంది. ఇది చదువుతున్నవారి ఇంట్లో ఒకరైనా ఉండే ఉంటారు. మామూలు మనిషికి పుప్పిగోరు చాలావరకు చూపుకు బాగుండని గోరు మాత్రమే. అమ్మ వంటివారికి అలా కాదు. ఏళ్ల తరబడి షుగరు ఉంటే పాదాల్లో స్పర్శ తగ్గుతుంది, రక్తప్రసారం తగ్గుతుంది. మందపడిన గోరు చెప్పులో కిందికి ఒత్తుకుని గోటి అడుగున పుండు పడినా నొప్పి తెలియదు. వేళ్ల సందుల్లో పగిలిన చర్మం గుండా సూక్ష్మజీవులు లోపలికి పోయి కాలంతా ఎర్రబడి వాచే సెల్యులైటిస్ రావచ్చు. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెతలోని మనిషికి కనీసం నొప్పి తెలుస్తుంది. షుగరు కాలికి ఆ రోకటిపోటు కూడా తెలియకపోవడంలోనే అసలు ప్రమాదం ఉంది. డాక్టరు గారు సన్నని నైలాను పోగును అమ్మ అరికాలి మీద ఒక్కొక్క చోట ఆనించి, తగిలినప్పుడల్లా చెప్పమన్నారు. బొటనవేలి అడుగున రెండుసార్లు ఆనించినా అమ్మ ఏమీ చెప్పలేదు. గోటి కోసం వెళ్లిన మాకు ఆ రోజు తెలిసిన ముఖ్యమైన విషయం అదే.

కాబట్టి షుగరు ఉన్నవారి కాలి గోరు రంగు మారితే నొప్పి లేదు కదా అని ఆగడానికి వీలులేదు. గోరు రంగుతో పాటు చుట్టూ చర్మం ఎర్రబడి వేడిగా ఉన్నా, వాపు పైకి పాకుతున్నా, చీము గాని దుర్వాసన గాని ఉన్నా, జ్వరం వచ్చినా అదే రోజు చూపించుకోవాలి. వేలు చల్లగా ఉండి నీలంగానో నల్లగానో మారుతుంటే, అది గోటి జబ్బు కాదు, వేలికి రక్తం అందడం లేదని అర్థం. అప్పుడు చర్మవైద్యుల దగ్గర వరుసలో కూర్చోకుండా నేరుగా పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. షుగరు లేకపోయినా ఈ మాట వర్తిస్తుంది.

ఇక నా గోరు. అమ్మ మాత్రలు మొదలైన కొత్తలోనే మొక్కు తీర్చుకోవడానికి అలిపిరి మెట్ల దారిన తిరుమలకు నడిచాను. 3,550 మెట్లు, చెప్పులు లేని కాళ్లు. ఎక్కడో గాలిగోపురం దాటాక ఎడమకాలి బొటనవేలు రాతి మెట్టు అంచుకు గట్టిగా తగిలింది. గోవింద అనుకుని ముందుకు సాగిపోయాను. తెల్లవారేసరికి గోటి కింద ఎర్రగా, సాయంత్రానికి ఊదారంగుగా, వారంలో పూర్తిగా నల్లగా మారింది. అది గోటి కింద గడ్డకట్టిన నెత్తురు. ఇటువంటిది తగిలిన మొదటి ఒకటి రెండు రోజుల్లో విపరీతంగా సలుపుతుంటే, డాక్టరు గోటికి చిన్న రంధ్రం చేసి నెత్తురు బయటికి తీస్తారు, ఆ వెంటనే ఉపశమనం ఉంటుంది. సూది కాల్చి ఇంట్లో చేసుకోవడానికి ప్రయత్నించవద్దు. సలుపు లేకపోతే చేయవలసింది ఏమీ లేదు. రెండు మూడు నెలల్లో నలుపు వెనక మొదలు దగ్గర శుభ్రమైన గోరు సందు ఇస్తుంది. గోరింటాకు లెక్కే మళ్లీ.

నా గోటి మీద నలుపు అలా ముందుకు జరిగిందన్న సంగతి ఇప్పుడు చెబుతున్నాను గాని, అప్పట్లో ఒక రాత్రి గోటి కింద వచ్చే క్యాన్సర్ గురించి చదివి నిద్రపోలేదు. దాని పేరు మెలనోమా. జమైకా గాయకుడు బాబ్ మార్లీకి 1977లో కుడికాలి బొటనవేలి గోటి కింద బయటపడింది ఇదే. అది మొదట ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. నాలుగేళ్లలో అది శరీరమంతా పాకి, 1981 మే నెలలో ఆయన 36 ఏళ్లకే మరణించాడు. ఈ రకం మెలనోమాకు ఎండతో సంబంధం లేదు, అరికాళ్లు, అరచేతులు, గోళ్ల కింద వస్తుంది. మన దేశంలో మెలనోమాయే అరుదు. కాని మనలాంటి ముదురు చర్మం గలవారిలో వచ్చినప్పుడు ఈ చోట్లలోనే ఎక్కువగా వస్తుంది, ఆలస్యంగా బయటపడుతుంది. ఆలస్యానికి కారణం కూడా మన ఒంటి రంగే: గోళ్ల మీద మొదలు నుంచి చివరి దాకా సాగే సన్నని గోధుమరంగు గీతలు నల్లనివారిలో సహజంగానే ఉంటాయి, వయసుతో పెరుగుతాయి. నాకు చేతి గోళ్ల మీద మూడు ఉన్నాయి, మా నాన్న గారికి అయిదు ఉండేవి.

అయితే ఏ గీతను అనుమానించాలి? ఇది అడిగినప్పుడు డాక్టరు గారు తన కాగితం మీద బొమ్మ గీసి మరీ చెప్పారు. అనేక గోళ్ల మీద ఏళ్ల తరబడి ఒకే తీరుగా ఉన్న గీతలు సాధారణంగా భయపడవలసినవి కావు. ఒకే ఒక్క గోటి మీద, అందులోనూ కాలి బొటనవేలి మీదనో చేతి బొటనవేలి మీదనో, నడివయసు దాటాక కొత్తగా గీత వస్తే చూపించాలి. అది 3 మిల్లీమీటర్ల కంటే వెడల్పుగా ఉన్నా, అంచులు చెరిగినట్లు ఉన్నా, ఒకే గీతలో రెండు మూడు రంగులున్నా, నెలల వ్యవధిలో వెడల్పవుతున్నా, మూలం వైపు వెడల్పుగా చివర సన్నగా ఉన్నా, గోరు చీలినా, కింద పుండు పడినా ఆలస్యం చేయకూడదు. అన్నింటికంటే ముఖ్యం, నలుపు గోటిని దాటి చుట్టూ ఉన్న చర్మానికి పాకడం. బ్రిటిష్ వైద్యుడు జొనాథన్ హచిన్సన్ 19వ శతాబ్దంలోనే ఈ గుర్తును వర్ణించాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ఇంట్లో ఎవరికైనా మెలనోమా వచ్చి ఉంటే చెప్పాలి. అనుమానం బలంగా ఉంటే గోటి మూలం నుంచి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు, అది తప్ప ఖాయంగా చెప్పే దారి లేదు.

నెత్తురు మచ్చకూ ఈ గీతకూ తేడా కూడా కదలికలోనే ఉంది. గడ్డకట్టిన నెత్తురు ఒక మచ్చ. గోటితో పాటు ముందుకు పోతుంది. రంగును పుట్టించే కణాలు మూలంలోనే కూర్చుని ఉంటే అవి గోరు పుడుతున్నంత కాలం రంగు వేస్తూనే ఉంటాయి, కాబట్టి గీత మొదలు నుంచి చివరి దాకా తెగకుండా ఉంటుంది. దెబ్బ తగిలిన జ్ఞాపకం లేని నల్లమచ్చను, మూడు నెలలైనా మొదలు దగ్గర సందు ఇవ్వని నల్లమచ్చను చూపించుకోవాలని ఆమె ప్రత్యేకంగా చెప్పారు. దెబ్బ తగిలిన జ్ఞాపకం ఉన్నా అంతే, ఎందుకంటే కాలికి ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒకటి తగలని మనిషి ఉండడు, మనం ఆ జ్ఞాపకాన్ని తెచ్చి మచ్చకు అతికిస్తాం. నేను పసుపును అతికించినట్టు.

మిగిలిన రంగుల గురించి క్లుప్తంగా చెబుతాను. ఆకుపచ్చ రంగు అరుదే గాని, చూడగానే భయపెట్టేదిగా ఉంటుంది. అడుగు నుంచి లేచిన గోటి కింద తడి నిలిచి సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా చేరితే ఆ రంగు వస్తుంది. రోజంతా నీళ్లలో, బురదలో పని చేసేవారిలో చూస్తాం. లేచిన గోటిని కత్తిరించి పొడిగా ఉంచడమే అందులో సగం వైద్యం. తెల్లని చుక్కలు చిన్నప్పుడు మాకు పండగ: కొంగల బారు ఎగిరిపోతుంటే గోళ్లు ఒకదానికొకటి రాసుకుంటూ పువ్వు వేయమని కొంగను అడిగేవాళ్లం, గోటి మీద తెల్లచుక్క కనిపిస్తే కొత్తబట్టలు వస్తాయనేవారు. పెద్దయ్యాక అవి కాల్షియం లోపమని భయపడ్డాం. నిజానికి అవి గోటి మూలానికి ఎప్పుడో తగిలిన చిన్న చిన్న దెబ్బల గుర్తులు, అంతే. కాలి గోటి పైభాగం సున్నం రాలినట్లు తెల్లగా పొడిబారితే మాత్రం అది ఫంగస్‌లో ఇంకొక రకం కావచ్చు.

ఒక్క గోరు కాకుండా చేతులవీ కాళ్లవీ అనేక గోళ్లు ఒకేసారి మారుతుంటే, అప్పుడు గోటిని వదిలి మనిషిని చూడాలి. కీమోథెరపీ మందులు, మినోసైక్లిన్ వంటి కొన్ని మాత్రలు గోళ్లను నల్లబరుస్తాయి. విటమిన్ బి12 లోపంలోనూ గోళ్లు ముదురు రంగుకు మారవచ్చు. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవారిలో ఈ లోపం వచ్చే అవకాశం ఉంది కనుక అమ్మకు ఆ పరీక్ష కూడా చేయించాం. గోరు దాదాపు అంతా తెల్లబడి చివర మాత్రమే గులాబిరంగు గీత మిగలడం కాలేయ జబ్బుల్లో, సగం తెలుపు సగం గోధుమరంగు కావడం మూత్రపిండాల జబ్బుల్లో కనిపించవచ్చు. గోళ్లన్నీ పసుపుపచ్చగా మందపడి పెరగడం దాదాపు ఆగిపోయి, కాళ్ల వాపు, తగ్గని దగ్గు కూడా ఉంటే అదొక అరుదైన జబ్బు, ఊపిరితిత్తులను చూపించాలి. ఈ వాక్యాలు చదివి ఎవరైనా ఇప్పుడు తమ గోళ్లను వెలుతురులో పెట్టి చూసుకుంటున్నారేమో! పసుపు గోటికి కాలేయమని భయపడి వచ్చేవారే, కాలి పుండుతో ఆలస్యంగా వచ్చేవారికంటే ఎక్కువని డాక్టరు గారు నవ్వుతూ అన్నారు.

చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు ఉపయోగపడిన సంగతులు కొన్ని ఉన్నాయి. గోళ్లకు పాలిష్, పసుపు, గోరింటాకు లేకుండా వెళ్లాలి. ముందు రోజు గోటిని శుభ్రంగా మొదలంటా కత్తిరించుకుని వెళితే పరీక్షకు పొడి దొరకదు. అమ్మ అచ్చంగా ఆ పనే చేయబోయింది, డాక్టరు దగ్గరికి మురికి గోరుతో ఎలా వెళతామని. నెలకోసారి ఒకే వెలుతురులో, పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీసుకుంటే కొలత తెలుస్తుంది. రంగు ముందుకు జరుగుతోందా, వెనక్కి పాకుతోందా అన్నది ఆ ఫోటోలే చెబుతాయి.

మందు కంటే కష్టమైనది ఇంటి అలవాట్లను మార్చడం. అమ్మ ఇప్పుడు స్నానం కాగానే పాత నూలుగుడ్డతో ఒక్కొక్క వేలి సందూ తుడుచుకుంటుంది, చాలాసార్లు నా బలవంతం మీదనే. ఇంట్లోనూ మెత్తని చెప్పులు వేసుకోవడానికి ఆరు నెలలు ఒప్పుకోలేదు. వంటింట్లోకి చెప్పులతో వెళ్లడం ఆమెకు ఇప్పటికీ ఇష్టం లేదు, అందుకని వంటింటికి విడిగా ఒక జత కొన్నాం. గోళ్లను గుండ్రంగా లోతుకు కాకుండా అడ్డంగా తిన్నగా నేనే కత్తిరిస్తాను. ఆమె గోళ్లకు వాడిన గోరుగల్ల ఇంట్లో ఇంకెవరమూ వాడం. ఇన్ని చేసినా ఈ జబ్బు తిరిగి రావడం మామూలేనని తెలుసు కాబట్టి, ఫోటోలు తీయడం మానలేదు.

మొన్న శ్రావణ శుక్రవారం నాడు ఆ గోటి చివర మిగిలిన పసుపుపచ్చని తునకను కత్తిరించాను. మాత్రలు మొదలుపెట్టిన నాటి నుంచి లెక్కవేస్తే ఇరవై నెలలు. అమ్మ ఆ తునకను కాగితంలో చూసి, "ఇంతదానికా ఇన్ని తిప్పలు పెట్టావు" అని, పసుపు గిన్నె నా వైపు జరిపింది. పాదాల పైన, మడమల చుట్టూ రాశాను. వేళ్ల సందులు వదిలేశాను. ఆ ఒక్క గోటిని కూడా వదిలేయబోతే, మిగతావన్నీ పచ్చగా ఉండి ఇదొక్కటే బోసిగా ఉంటే బాగుండదని అమ్మ పట్టుబట్టింది. పది గోళ్లనూ వదిలేశాను.